ఏడో తాడు

ఇప్పలగుంపు,
దుమ్ముగూడెం మండలం,
10 ఫిబ్రవరి 2025

గౌరవనీయులైన వెంకటప్పయ్య సార్‌కు,

నమస్కారం. నా పేరు శారద. మీరు నన్ను చూడలేదు. మీ శ్రీమతి ప్రమీలారాణి మేడమ్ ప్రతి మే నెలలో మొక్కల పని మీద వచ్చి వారం రోజులు ఉండేవారు కదా, అది మా ఇంటి పక్కనే. మా అమ్మ కన్నమ్మ ఆమెతో అడవిలోకి వెళ్లేది. నేను ఇక్కడి అంగన్‌వాడీలో టీచర్‌ని. అమ్మ అక్కడే ఆయా.

మేడమ్ నవంబరులో పోయిన సంగతి మాకు డిసెంబరులో తెలిసింది. వాళ్ల కాలేజీ పిల్లలిద్దరు వచ్చి చెప్పారు. మా ఊళ్లో ఫోన్ పలకదు. ఉత్తరం అప్పుడే రాయాల్సింది. కూర్చున్నాను కానీ రాయలేకపోయాను. క్షమించండి.

మేడమ్ మా ఇంట్లో పడుకునేవారు కాదు. టార్పాలిన్ పట్టా కట్టుకుని దాని కింద పడుకునేవారు. మళ్లీ ఏడాది వస్తాను కదా అని పట్టాను మా అటక మీదే వదిలి వెళ్లేవారు. పట్టా బాగుంది. దాన్ని లాగి కట్టే ఆరు తాళ్లను మాత్రం ఎలుకలు కొరికేశాయి. పట్టా మీకు పంపాలా?

ఇంకో మాట. పోయిన అక్టోబరు గాలికి మా కేంద్రం రేకులు లేచిపోయాయి. కొత్తవి వస్తాయన్నారు. ఈలోగా పద్నాలుగు మంది పిల్లలు గోడ నీడలో కూర్చుంటున్నారు. పదింటికల్లా ఆ నీడ పోతుంది. మీరు సరేనంటే ఆ పట్టా కట్టుకుంటాం. అమ్మ అడగొద్దంది. "సచ్చిపోయినామె సామానది. అడిగితే ఆయన మనసు ఏమైతదో" అంది. అయినా అడుగుతున్నాను.

ఇట్లు,
శారద

*

ఖమ్మం,
19 ఫిబ్రవరి

శారద గారికి,

ఉత్తరం అందింది. పట్టా పంపనవసరం లేదు. పిల్లలకు కట్టండి.

తాళ్లకు కమాన్‌బజార్‌లో నైలాన్ తాడు కొని పార్శిల్ చేశాను. బట్టలారేసుకునే సన్న రకం, అన్నిటికన్నా చవకది. ఆమె ఎప్పుడూ ఇదే కొనేదని కొట్టతను చెప్పాడు. మేడమ్ రాలేదేం సార్ అని అడిగాడు. చెప్పాను.

మీ అమ్మగారికి నమస్కారాలు.

వెంకటప్పయ్య

*

ఇప్పలగుంపు,
8 మార్చి

సార్‌కు నమస్కారం.

తాడు అందింది. పట్టా కట్టాం. పిల్లలు దాని కింద మొదటి రోజు పాటలు పాడలేదు, పడుకుని పైకి చూస్తూ ఉన్నారు. నీలం రంగు కదా.

కానీ మా ముళ్లు మామూలువి. పొద్దున బిగించి కడితే మధ్యాహ్నానికి పట్టా పొట్టలా వేలాడుతోంది. మళ్లీ విప్పాలి, లాగాలి, కట్టాలి. మేడమ్ తాళ్లు అలా కాదు. నేలలో దిగ్గొట్టిన గూటం దగ్గర ఒక ముడి ఉండేది. బొటనవేలితో పైకి తోస్తే తాడు బిగిసేది, కిందికి తోస్తే వదులయ్యేది. వదిలేస్తే ఎక్కడిదక్కడ పట్టుకునేది. గూటం కదిలించే పనే లేదు. ఆ ముడి ఎలా వేసేవారో మేమెవరం చూసి నేర్చుకోలేదు. "ఆమె తాళ్లు కట్టేటప్పుడు నేను పొయ్యికాడ ఉంటి. చాయ్ కాసుడే నా పని" అంటుంది అమ్మ.

పోయిన ఏడాది మేడమ్ ఏడో తాడు ఒకటి చేస్తూ చేస్తూ, పూర్తికాకుండానే ఖమ్మం తీసుకెళ్లారని అమ్మ చెబుతోంది. ఆరింటిలో ఏదైనా తెగితే ఉంటుందని. అది ఇంట్లో ఉంటే పంపుతారా? ఒక్కటి చేతిలో ఉంటే విప్పి చూసి, మిగతావి కట్టుకుంటాం.

మా నేల ఏటవాలు. ఆరు గూటాలూ ఆరు దూరాల్లో ఉన్నాయి. కొలతలు కింద రాశాను, మీకేమైనా పనికొస్తాయేమో.

శారద

*

ఖమ్మం,
20 మార్చి

శారద గారికి,

ఇల్లంతా చూశాను. ఆమె కట్టిన తాడు ఏదీ లేదు.

ఫోన్‌లో వీడియోలు చూశాను. వాళ్లవన్నీ గరుకు తాళ్లు. ఆ ముడి ఈ నైలాన్ మీద నిలవడం లేదు. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు ఘర్షణ పాఠం చెప్పినవాణ్ణి. కిటికీ ఊచకు కట్టి ఇరవైసార్లు లాగాను. ఇరవైసార్లూ జారింది.

చివరకు ఒక ఉపాయం దొరికింది. మీరు రాసిన కొలతలకు సరిగ్గా ఆరు తాళ్లు చేసి పంపుతున్నాను. ఇక జారవు.

వెంకటప్పయ్య

*

ఇప్పలగుంపు,
17 ఏప్రిల్

సార్‌కు నమస్కారం.

మీరు పంపిన తాళ్లు మూడు వారాలు బాగా నిలిచాయి. పట్టా పలకలా ఉండేది. అది ముందు చెప్పాలి.

పోయిన శుక్రవారం మధ్యాహ్నం గాలివాన వచ్చింది. పిల్లలు అన్నం తింటున్నారు. మేడమ్ ఉన్నప్పుడు గాలి లేస్తే చాలు, ముందు గాలివైపున్న రెండు తాళ్లు వదులు చేసేవారు. పట్టా ఆ పక్కకు వాలిపోయేది, గాలి పైనుంచి వెళ్లిపోయేది. నేనూ అదే చేద్దామని పరిగెత్తి ముడిని తోశాను. కదల్లేదు. రెండోది తోశాను. అదీ అంతే. కత్తి కోసం లోపలికి వెళ్లి వచ్చేలోపు పట్టా ఒక మూల, తాడు దూర్చే ఇత్తడి కన్నుతో సహా చినిగింది. వెదురు గుంజ పడిపోయింది. అమ్మ అప్పటికే పిల్లలందర్నీ గోడవైపు తోసేసింది. చివరన తనే మిగిలింది. గుంజ అమ్మ భుజం మీద పడింది.

పిల్లలకు ఏమీ కాలేదు. అమ్మను ఆటోలో భద్రాచలం తీసుకెళ్లాం. మెడ కింది ఎముక విరిగిందన్నారు. ఆరు వారాలు చెయ్యి కదపకూడదు. మీరు కంగారుపడొద్దు. దవాఖానాలో కట్టు కడుతుంటే కూడా నవ్వింది. మేం ఇంట్లో మాట్లాడే మా భాషలో అన్నదాన్ని తెలుగులో రాస్తున్నాను: "సారుకు రాయి. పట్టా చినిగింది, గుంజ పడ్డది, నా బుజం ఇరిగింది. ముడి మాత్రం ఇడువలే అని రాయి. గంత మంచి ముడి ఎవ్వరు కట్టలే."

తర్వాత ముళ్లను దగ్గరగా చూశాను. నల్లగా, గట్టిగా ముద్దలయ్యాయి. సార్, మీరు వాటిని కాల్చారా?

శారద

*

ఖమ్మం,
26 ఏప్రిల్

శారద గారికి,

కాల్చాను. ముడి జారుతోందని కొవ్వొత్తి మీద పట్టి కరిగించి అతికించాను. అది మీకు రాయలేదు. రాసి ఉంటే మీరు వాటిని కట్టి ఉండేవారు కాదు. మీ అమ్మగారి భుజానికి కారణం నేను.

ఇంకొకటి. మార్చి ఉత్తరంలో అబద్ధం రాశాను. ఏడో తాడు నా దగ్గరే ఉంది.

ఆమె విత్తనాలు దాచుకునే బిస్కట్ డబ్బాలో ఉంది. ఒక కొసకు ముడి ఉంది, రెండో కొస ఖాళీ. మీ మొదటి ఉత్తరం కంటే ముందే చూశాను. చీరలు ఇచ్చేశాను. పుస్తకాలు కాలేజీకి పంపాను. ఆమె పెట్టిన ఆవకాయ జనవరిలో అయిపోయింది. ఆమె చేతులు చేసి, చేసినట్టే మిగిలింది ఈ ముడి ఒక్కటే. పైకి మూడు చుట్లు కనపడతాయి. కింద తాడు ఎటు పోయిందో కనపడదు. విప్పితేనే తెలుస్తుంది. విప్పితే ఇక ఉండదు. మీకు పంపితే మీరు విప్పుతారని దాచాను.

ప్రతి మే నెలలో రమ్మని పిలిచేది. పదకొండు సార్లు పిలిచింది. పరీక్షల డ్యూటీ అనేవాణ్ణి. ఆగస్టులో తలలో గడ్డ ఉందన్నారు. మూడు నెలల ముందు తీసుకొచ్చి ఉంటే ఆపరేషన్‌కు వీలుండేదన్నాడు డాక్టరు. మూడు నెలల ముందు ఆమె మీ దగ్గరే ఉంది. బాగుందనే అనుకున్నాను.

మీ అమ్మగారిని క్షమాపణ అడుగుతున్నానని చెప్పండి. తాడు ఈ వారంలో పంపుతాను.

వెంకటప్పయ్య

*

ఇప్పలగుంపు,
9 మే

సార్,

తాడు పంపకండి. మీ ఉత్తరం చూశాక ఇది రాయకుండా ఉండలేను. చదివాక మీరేమనుకున్నా సరే.

పోయిన ఏడాది మేడమ్ బాగా లేరు. వచ్చిన మూడో రోజు వాగు దగ్గర పడిపోయారు. తేరుకుని ఎండ అన్నారు. తర్వాత ఎడమ చెయ్యి పట్టు తప్పింది. గ్లాసు జారిపోయేది. అమ్మ చెబుతోందని రాశాను కానీ, ఆ ఏడో తాడు అప్పుడే నా కళ్ల ముందే మొదలుపెట్టారు. అంతకుముందు ఆరు తాళ్లు ఒక్క పూటలో చేసిన మనిషి, ఆ ఒక్క ముడికి రెండు రోజులు కూర్చున్నారు. కొస నన్ను పట్టుకోమన్నారు. నేను ఆమె వేళ్లనే చూశాను, ముడిని చూడలేదు. నేను కట్టిస్తానంటే వద్దన్నారు. "నా చెయ్యి ఇంకా నాదేనా కాదా చూసుకుంటున్నా శారదా" అన్నారు.

మీకు చెప్పొద్దని మా ఇద్దరి దగ్గరా ఒట్టు పెట్టించుకున్నారు. "ఆయనకు పరీక్షల పని ఉంది. నేనే వెళ్లి చెప్పుకుంటా" అన్నారు. మీ అడ్రస్ మేడమ్ సంచి మీద ఉండేది. ఆమెకు తెలియకుండా మీకు పోస్టుకార్డు రాశాను. అమ్మ చూసింది. "ఒట్టు పెట్టినంక తప్పుతవా? ఆమె చెప్పుకుంటనన్నది గద" అంది. అమ్మ దగ్గర మాట అంటే మాటే. నేను కార్డును రిజిస్టర్‌లో పెట్టేశాను.

డిసెంబరులో ఉత్తరం రాయలేకపోయానని చెప్పాను కదా. ఆ కార్డు వల్లే. ఇందులో పెడుతున్నాను.

శారద

(కార్డు)

16-5-2024

సార్‌కు నమస్కారం. నేను ఇప్పలగుంపు నుంచి శారదను. మేడమ్‌కు ఒంట్లో బాగా లేదు. నిన్న పడిపోయారు. చెయ్యి వణుకుతోంది. ఎండదెబ్బ అంటున్నారు కానీ నాకు అలా అనిపించడం లేదు. మీరు వచ్చి తీసుకెళ్లి పెద్ద డాక్టరుకు చూపించండి. నేను రాసినట్టు మేడమ్‌తో అనొద్దు.

*

ఖమ్మం,
22 మే

శారద గారికి,

కార్డు చదివాను.

వెంకటప్పయ్య

*

ఇప్పలగుంపు,
1 జులై

సార్‌కు నమస్కారం.

మీ రెండు మాటల ఉత్తరం అందింది. ఇంకేమీ రాయకపోయినా ఫర్వాలేదు. మీరు రాయలేనంత తప్పు చేసింది నేను. పట్టా సంగతి చెబుదామనే ఇది.

రేకులు ఇంకా రాలేదు. వానలు పడుతున్నాయి. పిల్లల్ని మా అరుగు మీద కూర్చోబెడుతున్నాం. పద్నాలుగు మందికీ చాలదు. ఏడుగురు పొద్దున, ఏడుగురు మధ్యాహ్నం.

అమ్మ భుజం అతుక్కుంది. బరువులు ఎత్తొద్దన్నారు. ఎత్తుతూనే ఉంది. చినిగిన మూలను తనే బాగు చేసింది. గోదారి గులకరాయి ఒకటి తెచ్చి పట్టా మూలలో పెట్టి, దాని చుట్టూ పట్టాను ముడుచుకుని మెడ దగ్గర బిగించి కట్టింది. ఇప్పుడు ఆ రాయి మెడకు తాడు తగిలిస్తే ఎంత లాగినా ఊడదు. ఇత్తడి కన్ను కంటే గట్టిగా ఉంది. తోస్తే బిగిసే తాళ్లే లేవు. మళ్లీ మామూలు ముళ్లు వేస్తే వానకు నైలాన్ సాగి పట్టా మధ్యలో నీళ్లు నిలుస్తున్నాయి. బిందెడు నీళ్లు ఒకేసారి కిందికి వస్తాయి. అందుకే కట్టడం మానేశాం.

మీ నుంచి మళ్లీ ఉత్తరం వచ్చిందా అని అమ్మ వారానికోసారి అడుగుతుంది. నేను రాలేదంటాను. నిన్న అంది: "తిడితే తిట్టనియ్యి. తిట్టినోడు మల్ల మాట్లాడతడు. గిట్ల సప్పుడు జేయకుంట ఉంటేనే నాకు బయం."

శారద

*

ఖమ్మం,
28 జులై

అమ్మా శారదా,

విప్పాను.

నిన్న ఆదివారం పొద్దున వరండాలో పేపరు పరుచుకుని కూర్చున్నాను. ఒక్కో చుట్టు విప్పే ముందు పెన్సిల్‌తో బొమ్మ గీశాను. బొమ్మలు ఇందులో ఉన్నాయి. పద్ధతి ఇది.

తాడును ముందు నీళ్లలో ఒక పూట నానబెట్టాలి. రాయి కట్టి దూలానికి వేలాడదీయాలి. అలా సాగాల్సినంత ముందే సాగనిస్తే వానలో పట్టా అంతగా వేలాడదు. డబ్బా మూత లోపల ఆమె రాసుకుంది: "నానబెట్టు. వేలాడదియ్యి. తొందరపడకు." నేను మూత లోపల ఎప్పుడూ చూడలేదు.

తర్వాత తాడును గూటం చుట్టూ తిప్పి వెనక్కి తేవాలి. ఆ కొసను అసలు తాడు చుట్టూ, గూటం వైపుకు పోతూ మూడుసార్లు చుట్టాలి. ఈ చుట్లు గూటం చుట్టూ ఏర్పడిన ఉచ్చు లోపలే ఉండాలి. అప్పుడు కొసను వాటి మీదుగా వెనక్కి దాటించి, ఉచ్చు బయట ఇంకొక్క చుట్టు, అదే దిక్కులో. కొసను దాని కిందినుంచి దూర్చి బిగించాలి. వీడియోల్లో లోపల రెండు చుట్లే. గరుకు తాడుకు అవి చాలు. మన చవక తాడు నున్నటిది, దానికి మూడు కావాలి. నేను రెండు చుట్టి, జారితే తాడును కాల్చాను. ఇంకొకటి చుట్టాలని తోచలేదు. మంట చూపించాల్సింది కొసకు మాత్రమే, పీచు లేవకుండా. ముడికి కాదు.

ఆమె ముడిలో లోపలి చుట్లు నాలుగు ఉన్నాయి. నాలుగోది మిగతా మూడింటి కింద నలిగి ఉంది. అది ఆమె వేసిన మొదటి చుట్టు. వదులుగా ఉంది. లాగి బిగించే బలం చాలలేదు. విప్పి మళ్లీ వేసే ఓపికా లేనట్టుంది. దాని మీదే మూడూ చుట్టేసింది. ఆ మూడూ సరిగ్గా ఉన్నాయి.

ఆ వదులు చుట్టును చాలాసేపు చూశాను. పోయిన జూన్ నుంచి ఆమె జాడీ మూతలు నాకు ఇచ్చేది. తీసి ఇచ్చేవాణ్ణి. ఒకసారి, ఇది కూడా రాదా అన్నాను. నవ్వింది. నేనే వెళ్లి చెప్పుకుంటానని మీతో అన్నదంటే, అదే ఆమె చెప్పుకోవడమేమో.

మీ కార్డు సంగతి. మే నెలలో అది నాకు అందితే ఏం చేసేవాణ్ణని రెండు నెలలు ఆలోచించాను. మొదటి బస్సుకు వచ్చేవాణ్ణని రాయాలని ఉంది. మీ మీద కోపం నిలబడాలంటే అది నిజం కావాలి. కాదు. అప్పుడు నాకు సప్లిమెంటరీ పరీక్షల డ్యూటీ ఉంది. ఎండలో తిరగొద్దంటే వినదు అనుకుని కార్డు మడిచి జేబులో పెట్టుకునేవాణ్ణి. కళ్ల ముందు మూత తీయలేని మనిషిని చూసి ఎందుకని అడగనివాణ్ణి, కార్డు ముక్క చూసి కదిలేవాణ్ణని చెప్పలేను. కాబట్టి ఆ కార్డు బరువు మీరొక్కరే మోయకండి. మాట తప్పనందుకు మీ అమ్మగారినీ ఏమీ అనలేను.

తిట్టమన్నారట. తిట్టడానికి నా దగ్గర ఏమీ లేదని చెప్పండి. మాట్లాడతానని చెప్పండి.

విప్పిన తాడును బల్ల మీద పెట్టాను. తిన్నగా ఉండలేదు. ఏడాదికి పైగా ముడిలో ఉంది కదా, ఎక్కడ ఎటు తిరిగిందో ఆ వంపులన్నీ అలాగే ఉన్నాయి. ఆమె ఎడమచేతి వాటం మనిషి కాబట్టి నాకు అన్నీ తలకిందులు. బొమ్మలు పక్కన పెట్టేసి, ఆ వంపుల వెంటే కొసను పోనిచ్చాను. వదులు చుట్టుతో సహా అన్నీ వాటి చోట్లకు వచ్చాయి. కిటికీ ఊచకు తగిలించి లాగాను. నిలిచింది. బొటనవేలితో తోశాను. కదిలింది.

ఖాళీగా ఉన్న రెండో కొసకు నేను ఉచ్చు వేశాను.

పట్టాకు ఆరు తాళ్లు కావాలి. కొత్తవి ఐదే చేశాను. రాయి కట్టిన మూలకు ఇది తగిలిద్దాం. ఈసారి పార్శిల్ చేయడం లేదు. ఆగస్టు పదో తేదీ ఆదివారం నేనే తెస్తాను. ఖమ్మం నుంచి మొదటి బస్సుకు బయలుదేరితే దుమ్ముగూడెం మధ్యాహ్నానికి చేరతానట. అక్కడికి ఎవరినైనా పంపండి. అక్కడి నుంచి మీ ఊరికి నాకు దారి తెలియదు. ఆమె ప్రతి ఏడాదీ చెప్పేది, వాగు దాటాక ఎటు తిరగాలో. నేను వినలేదు.

వెంకటప్పయ్య